అటువైపు లేని ఓడ

మా బాబాయిని రెండోసారి దొంగను చేసే వేళకి నేను ఎవరిదో వంటగదికి అరలు గీస్తున్నాను.

ఫర్నిచర్ కంపెనీలో డిజైనర్‌ని నేను. పక్క సీటు అమ్మాయి కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చి తన ఫోను నా మొహం ముందు పెట్టింది.

“ఏయ్, నువ్వు పొద్దస్తమానం చూసుకుని మురిసిపోయే ఓడ ఇదే కదూ? దొరికిందట!”

పేపరు వార్తలోని ఫొటోలో దీపనౌక ఉంది. కొత్తగా రంగులేసిన హాల్లో, ఎత్తైన బల్ల మీద.

దీపనౌక వచ్చే ఆ పాత సినిమా చూడనివాళ్ళు తక్కువ. వరదలో మునిగిన ఊరి మీదుగా, ముందు భాగాన పెద్ద దీపంతో, ఆ ఓడ గాల్లో తేలుతూ వస్తుంది. పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుంటుంది. లోపలి వెలుగు నల్లటి నీళ్ళమీద పడుతుంది. థియేటర్లో జనం ఊపిరి బిగబట్టేవాళ్ళట. అప్పట్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. మనిషంత పొడవున్న చెక్క ఓడని కట్టి, కెమెరాకి దగ్గరగా పెట్టి తీశారు. కట్టింది మా బాబాయి.

ఫొటోలో ఓడ కింద బోర్డు కూడా ఉంది. వేళ్ళతో పెద్దది చేసి చదివాను.

‘దీపనౌక, అసలు మోడల్. షూటింగ్ ముగిశాక స్టూడియో వర్క్‌షాపులోని పెద్ద వడ్రంగి దీన్ని దొంగిలించాడు. ఇన్నేళ్ళకు అతని బంధువుల షెడ్డులో బయటపడింది.’

పెద్ద వడ్రంగి అంటే మా బాబాయి. ఆయన బంధువులంటే మేము. మాలో ఎవరికీ షెడ్డు లేదు.

“ఏమైందే? అలా పాలిపోయావేంటి?”

“నాకు ఒంట్లో బాగాలేదని సార్‌కి చెప్పు,” అని లాప్‌టాప్ సంచిలో తోసేశాను.

బస్సులో కూర్చున్నా కోపం ఆగలేదు.

ఆ ఓడ నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నాకో పిచ్చి ఉంది. పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలుంటాయి చూడండి, పైన బొడిపెలుండేవి. వాటితో నేను సినిమాల్లోని ఓడలూ, రైళ్ళూ, కోటలూ కడతాను. చేతికి ఒక్క ఇటుకా తగలదు, కట్టడమంతా కంప్యూటర్‌లోనే. బజార్లో దొరికే ముక్కలతో పని జరక్కపోతే కావలసిన ముక్క నేనే గీసుకుంటాను. గీసినవాటిని నాలాంటి పిచ్చివాళ్ళంతా చేరే సైట్‌లో పెడతాను. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. నా పేరు చెప్తే సంతోషం. చెప్పకపోయినా పోట్లాటకి వెళ్ళను. ఆ రోజు దాకా వెళ్ళలేదు.

దీపనౌకని కట్టడానికి నాకు ఏళ్ళు పట్టింది. దాని పొట్ట దగ్గరి వంపు ఏ ఇటుకకీ లొంగదు. అందుకని దానికి సరిపడే ముక్కలు ఎన్నో కొత్తగా గీశాను. ఇదంతా మా బాబాయికి తెలియకుండా చేశాను. ఆ సినిమా టీవీలో వస్తే మా పిన్ని చానల్ మార్చదు, టీవీయే కట్టేస్తుంది. అలాంటి ఇంట్లో ఆ ఓడ మాట ఎలా ఎత్తను?

*

బాబాయి వాళ్ళింటి గుమ్మంలోనే పిన్ని ఎదురైంది. చేతిలో గరిటె ఉంది.

“చూశావా? నువ్వూ చూశావా? ఎవడే ఆ రాసినవాడు? వాడి చేతులు పడిపోను! షెడ్డట షెడ్డు! మనకి షెడ్డుంటే ఆ విరిగిన మంచం వరండాలో ఎందుకు ఏడుస్తుంది?”

“బాబాయ్ చూశాడా?”

“ఎదురింటావిడ ఫోను పట్టుకుని మరీ వచ్చి చూపించింది. ఎంత ప్రేమో!”

బాబాయి వరండాలో కూర్చుని కుర్చీ కాలికి చిత్రిక పడుతున్నాడు. తల ఎత్తలేదు.

“వదిలెయ్యండే. ఎప్పటి మాటో.”

“ఎప్పటి మాటో కాదండీ, ఇవాళ్టి పేపరు!” అంది పిన్ని.

నేను ఆయన ముందు కింద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. ఇక దాచి లాభం లేదు. తెరమీద నా ఓడ నెమ్మదిగా వెలిగింది. చిత్రిక ఆగింది.

“ఎవరు కట్టారిది?”

“నేనే బాబాయ్.”

“దేంతో?”

“ఇటుకలతో. నిజం ఇటుకలు కాదు, కంప్యూటర్‌లోవి.”

“అంటే బరువుండదు.”

“ఉండదు.”

“జిగురు?”

“అక్కర్లేదు.”

“అదృష్టవంతురాలివి,” అన్నాడు. వేలితో తెరమీద పొట్ట వంపుని తడిమాడు. “ఈ వంపు బాగా పట్టావే తల్లీ. ఇది పట్టడానికి నేను తగలేసిన చెక్కతో ఒక వంటచెరుకు దుకాణం పెట్టొచ్చు.”

ఈ మాట కోసమే అన్నేళ్ళు కట్టానేమో అనిపించింది. ఉత్సాహంగా ఓడని గిర్రున తిప్పి రెండోవైపు చూపించాను.

బాబాయి వెనక్కి వాలాడు.

“ఇదేమిటి?”

“అటువైపు.”

“అటువైపు ఎక్కడుందే?”

నాకు అర్థం కాలేదు. ఆయన కుర్చీ కాలు పక్కన పెట్టాడు.

“కెమెరాకి కనిపించేది ఒక్క వైపే. ఆ వైపే కట్టాం. వెనకంతా పచ్చి చెక్క, మధ్యలో ఓడని నిలబెట్టే ఇనప గొట్టం, దీపాల వైర్లు. ఆ గొట్టానికి నా చొక్కా తగిలించుకునేవాణ్ణి.”

“మరి సినిమాలో ఒకసారి ఇటు వెళ్తుంది, ఒకసారి అటు వెళ్తుంది కదా?”

“ఫిల్ము తిప్పి వేసేవాళ్ళు. అద్దంలో చూసినట్టు. అటు వెళ్ళేటప్పుడు కూడా నువ్వు చూసేది ఈ వైపే.”

సినిమాలో ఎక్కడా రెండోవైపు సరిగ్గా కనిపించదని నాకు తెలుసు. అక్కడ మంచు పొగ ఎక్కువని అనుకునేదాన్ని. పొగ వెనక ఏముంటే బాగుంటుందో నేనే ఊహించి కట్టాను. మూడు గుండ్రటి కిటికీలు, ఒక విసనకర్ర ఆకారం జాలీ. ఆ జాలీ కోసం ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని కొత్త ముక్క గీశాను. సైట్‌లో అందరూ తెగ మెచ్చుకున్నారు.

ఫోను తీసి పేపరు వార్త మళ్ళీ తెరిచాను. ఇంకో ఫొటో ఉంది. ఓడ రెండోవైపు.

మూడు గుండ్రటి కిటికీలు. విసనకర్ర జాలీ.

“పిన్నీ,” అన్నాను. “ఇది దొరికిన ఓడ కాదు. నా ఓడ. నా ఫైళ్ళు పట్టుకెళ్ళి, త్రీడీ ప్రింటర్‌లో పెద్దగా అచ్చు తీయించి, బొడిపెలు అరగదీసి, చెక్కరంగు పూసి పెట్టారు.”

“అంటే, నువ్వు గీసినవాటితోనే మీ బాబాయిని…”

“అవును.”

“ఊరికే ఎందుకిచ్చావే వాళ్ళకి?”

“అందరూ ఇస్తారు పిన్నీ, అది మా సైట్ పద్ధతి.”

“అందరికీ ఇలాంటి బాబాయి లేడుగా!”

నా చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడ అన్నది నిజం.

“అసలు ఓడ ఏమైంది బాబాయ్? ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు నేను. ఇప్పుడు చెప్పు.”

ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. స్టూడియో యజమాని పెద్దబాబు, షూటింగ్ అయ్యాక ఆ ఓడ నీకే ఇస్తానని డైరెక్టరుకి మాటిచ్చాడు. ఈలోగా తర్వాతి సినిమాకి వంతెన సెట్టు కావలసివచ్చింది. మంచి చెక్క ఊరికే పడి ఉందని ఓడని కోయించేశాడు. కోసింది బాబాయే, పెద్దబాబు దగ్గరుండి కోయించాడు. వారం తిరక్కుండా డైరెక్టరు వ్యాను తీసుకుని వచ్చాడు. ఆయనకి ముఖం చూపించలేక పెద్దబాబు నోటికొచ్చింది చెప్పాడు: ‘మా వడ్రంగి ఎత్తుకుపోయాడు.’

“నువ్వేమన్నావు?”

“అనేలోగా గేటు బయట ఉన్నాను.”

“వర్క్‌షాపులో మిగతావాళ్ళు?”

“పిల్లలున్నవాళ్ళే అందరూ.”

పిన్ని గరిటె కిందపడేసింది. “చెప్పండి, తర్వాతది కూడా చెప్పండి! స్టూడియోలో ఓడలు కట్టిన మనిషి ఇంటింటికీ తిరిగి కుర్చీలు బాగుచేశాడే. పని చేస్తున్నంతసేపూ ఇంటివాళ్ళు ఎదురుగా కూర్చుని కాపలా! వెళ్ళేటప్పుడు సంచి దులిపి చూపించాలి! ఎవరికి? వాళ్ళ కుర్చీకి మేకులు కూడా మన ఇంటివే కొట్టేవారు ఈయన!”

బాబాయి మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. నేను లేచాను.

*

పెద్దబాబు వాళ్ళ ప్రదర్శన హాలు మర్నాడు తెరుస్తారు. లోపల ఇంకా దీపాలు సర్దుతున్నారు. పెద్దబాబు కొడుకుని ఊళ్ళో ఇప్పటికీ చిన్నబాబు అనే అంటారు, జుట్టు నెరిసినా. తెల్లటి చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. నా మాట విన్నాడు. నవ్వాడు.

“ఓహో, ఆ ఇటుకల డిజైన్ మీదేనా! చాలా బాగుందండీ. మా వాళ్ళు తెగ మెచ్చుకున్నారు.”

ఒప్పేసుకున్నాడు. ఇక యుద్ధం గెలిచానని అనుకున్నాను.

“ఓడ దొరికేటప్పటికి ఒకవైపు బాగా పాడైపోయింది. ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. మీ డిజైన్ చూసి ఆ వైపు బాగుచేయించాం. థాంక్సండీ.”

“పాడవడానికి అటువైపు అసలు లేదు! ఒక్క వైపే కట్టారు!”

“అని ఎవరు చెప్పారు? ఎత్తుకెళ్ళినాయనా?”

ఆయన మరీ మెత్తగా మాట్లాడాడు.

“చూడండి, ఈ వైపు చూడండి. సినిమాలో కనిపించే వైపు. దీంట్లో ఒక్క మేకు కూడా మేం కదపలేదు. ఎలా దొరికిందో అలాగే ఉంది. ఇంకా అనుమానమా? రేపు ప్రారంభానికి మీ బాబాయిగారిని కూడా తీసుకురండి. వయసైపోయింది కదా, తప్పు ఒప్పుకుంటే అందరి ముందూ క్షమించేస్తాం. పేపర్లో కూడా బాగుంటుంది.” జేబులోంచి పాసులు తీసి నా చేతిలో పెట్టాడు. “రాకపోతే మాత్రం, ఆ దొంగతనం మీద ఇప్పటికీ కేసు పెట్టొచ్చని మా లాయరు అంటున్నాడు. ఆలోచించుకోండి.”

ఫోను మోగితే పక్కకి వెళ్ళిపోయాడు. పాసుల్ని నలిపి ఆయన నెత్తిన కొడదామనిపించింది. వాటితో అవసరం ఉందని ఆగాను.

“ఒక్క నిమిషం.”

నిచ్చెన మీద నిలబడి దీపం సర్దుతున్న ఆవిడ దిగి వచ్చింది. తెల్లటి నూలు గ్లవుజులు వేసుకుంది. ప్రదర్శన ఏర్పాట్లన్నీ చూసే మేనేజరు.

“అంతా విన్నాను. అటువైపు లేదనడానికి ఏదైనా రుజువుందా?”

“మా బాబాయి చొక్కా,” అన్నాను ఉక్రోషంగా. “ఆ గొట్టానికే తగిలించుకునేవాడు.”

ఆవిడ నవ్వలేదు. “చిన్నబాబుగారు ఇది అసలుదని చెప్పారు, నమ్మాను. ఆ బోర్డు బిగించింది నేనే. తప్పని చూపించండి, నేనే పీకేస్తాను. కానీ కళ్ళకి కనబడాలి. మీ మాట, ఆయన మాట అయితే ఆయన మాటే నెగ్గుతుంది. హాలు ఆయనది.”

*

నేను బాబాయి వాళ్ళింటికి తిరిగి వచ్చేసరికి పిన్ని బట్టలు మడతపెడుతోంది. చాప మీద లాప్‌టాప్ పెట్టి, తెరని రెండు భాగాలు చేశాను. ఒక పక్క సినిమా, ఒక పక్క నా ఓడ. సినిమాలో కనిపించే వైపులోనే ఏదో ఒక తేడా పట్టుకోవాలి. ఓడలు రెండూ అచ్చు గుద్దినట్టే ఉన్నాయి. నా పనితనాన్ని నేనే తిట్టుకోవడం అదే మొదటిసారి.

పిన్ని ఇన్నేళ్ళ పంతం పక్కన పెట్టి భుజం మీంచి తొంగిచూసింది.

“ఆ తలుపు తెరుచుకోవడం బాగుందే. లోపలినుంచి ఎవరో వస్తున్నట్టుంది.”

“దారం లాగితే తెరుచుకునేది,” అన్నాడు బాబాయి వరండాలోంచి. “ఆ తలుపుకే ఎక్కువ రోజులు పట్టింది.”

“నీదాంట్లో తెరుచుకుంటుందా?”

“ఎందుకు తెరుచుకోదు పిన్నీ?” మౌస్‌తో తలుపు పట్టుకుని లాగాను. తెరుచుకుంది.

“అయ్యో, అదేంటే! నిచ్చెనలోంచి దూరి వచ్చేసింది! తలుపా, దయ్యమా?”

నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

తలుపు పక్కన ఓడకి బిగించిన చిన్న ఇనప నిచ్చెన ఒకటుంది. సినిమాలో అది తలుపుకి కొంచెం ఎడంగా ఉంటుంది. ఇటుకల్లో అలా కుదరదు. ఏ ముక్కైనా బొడిపె మీదే కూర్చోవాలి. నాకు కావలసింది సగం బొడిపె దూరం. పొట్ట వంపుకి అన్ని కొత్త ముక్కలు గీసినదాన్ని, నిచ్చెన దగ్గర బద్ధకించాను. దాన్ని తలుపు అంచు మీదికి జరిపేశాను. కంప్యూటర్‌లో ముక్కలకి ఒళ్ళుండదు. ఒకదాంట్లోంచి ఒకటి గాలిలా దూరిపోతాయి. తలుపు తెరుచుకుంది కదా అని నేనూ చూడలేదు, సైట్‌లో మెచ్చుకున్నవాళ్ళూ చూడలేదు. ఫ్రిజ్ తలుపు అరకి తగిలేలా ఏ వంటగదికైనా గీసి ఉంటే ఆ సాయంత్రానికి నా ఉద్యోగం ఊడేది.

“బాబాయ్, నిచ్చెన తలుపుకి అడ్డంగా ఉంటే?”

“అడ్డంగా ఎందుకు పెడతానే, నాకేమైనా మతిపోయిందా? తలుపు తెరుచుకోవద్దూ?”

హాల్లో కోపం మీద నేను నిచ్చెన వంక చూడనేలేదు, పేపరు ఫొటో ఎంత పెద్దది చేసినా ఆ చోటు మసకే. వాళ్ళు నా ఫైలు ఉన్నదున్నట్టు అచ్చు తీశారా? లేక అచ్చు తీసినవాడెవడో తెలివిగలవాడై నిచ్చెన పక్కకి జరిపాడా? జరిపి ఉంటే మా పని అయిపోయినట్టే. అందరి ముందూ నిలబెట్టి ‘క్షమిస్తారు’.

“మనం వెళ్ళి చూడాలి.”

బాబాయి చిత్రిక పక్కన పెట్టాడు. “మళ్ళీ అందరి ముందూనా? ఒకసారి నిలబడ్డాను తల్లీ. చాలు.”

“మీరు రాకపోతే నేను వెళ్తాను,” అంది పిన్ని. “నేను వెళ్తే ఎలా మాట్లాడతానో మీకు తెలుసు.”

ఆయన లేచి చొక్కా వెతుక్కున్నాడు. “రేపు పొద్దున కదా?” అన్నాడు. “ఇస్త్రీ చెయ్యాలి.”

*

హాలు నిండా జనం. విలేకర్లు, సినిమావాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న తండ్రులు. ఓడ వెనక గోడమీద సినిమాలోని ఆ దృశ్యమే మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. తలుపు తెరుచుకుంటుంది, వెలుగు పడుతుంది, మళ్ళీ మొదలు.

బాబాయి ముందు బోర్డు చదివాడు. పెదవులు కదుపుతూ చివరిదాకా చదివాడు. తర్వాత ఓడ దగ్గరికి వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

“నున్నగా ఉంది,” అన్నాడు. “చెక్క ఇంత నున్నగా ఉండదు.”

నేను తలుపు వైపు చూశాను. నిచ్చెన తలుపు అంచు మీద కూర్చుని ఉంది. ఎక్కడ బద్ధకించానో అక్కడే.

చిన్నబాబు మైకు అందుకున్నాడు. మమ్మల్ని చూడగానే ఆయన మొహం వెలిగింది.

“ఈరోజు మనతో ఒక ప్రత్యేక అతిథి ఉన్నారు. ఈ ఓడ కథలో ఆయనకీ ఒక పాత్ర ఉంది. అది ఎలాంటి పాత్రో మీరు బోర్డులో చదివారు. అయినా మా కుటుంబానికి ఆయన మీద కోపం లేదు. రండి పెద్దాయనా, మనసులో మాట చెప్పండి.”

కెమెరాలన్నీ తిరిగాయి. బాబాయి రెండడుగులు ముందుకి వేశాడు.

“బాబుగారూ, ఒక్క మనవి. ఆ తలుపు ఒక్కసారి తీయించండి.”

“తలుపా?” చిన్నబాబు నవ్వాడు. “చాలా పాత వస్తువండీ. ముట్టుకుంటే విరిగిపోతుంది.”

“ఇన్నేళ్ళూ మా దగ్గరే ఉందని మీరే రాశారు కదా. మా దగ్గర విరగనిది ఇక్కడికొచ్చాక ఎందుకు విరుగుతుంది?”

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు అప్పటికే గ్లవుజులు తొడుక్కుంటోంది.

“నేను తీస్తాను,” అంది. “నెమ్మదిగా.”

“వద్దన్నానా!” అన్నాడు చిన్నబాబు. ఆవిడ విననట్టే బల్ల ఎక్కింది. వేలికొసతో తలుపు పట్టుకుని లాగింది.

టక్.

తలుపు నిచ్చెనకి తగిలి ఆగిపోయింది. చీమ దూరేంత సందు కూడా రాలేదు. ఆవిడ మళ్ళీ లాగింది. మళ్ళీ టక్. ఆవిడ తల మీదుగా, గోడమీద, అదే తలుపు బార్లా తెరుచుకుంది. వెలుగు నీళ్ళమీద పడింది.

ఈసారి నవ్వు ఒక మూల నుంచి మొదలై హాలంతా పాకింది.

“అది… బాగుచేసేటప్పుడు నిచ్చెన కొంచెం జరిగి ఉంటుంది,” అన్నాడు చిన్నబాబు.

“ఈ వైపు ఒక్క మేకు కూడా కదపలేదన్నారు,” అంది మేనేజరు బల్ల మీంచే. “నిన్న నా ఎదురుగా అన్నారు.”

నేను లాప్‌టాప్ ఎత్తి పట్టుకున్నాను. “కదపలేదు! నిజమే! ఎందుకంటే నిచ్చెన అక్కడ పెట్టింది నేను. బొమ్మ ఇటుకలతో కంప్యూటర్‌లో ఈ ఓడ కట్టాను. అందులో సగం బొడిపె జాగాలో నిచ్చెన పెట్టడం కుదరక తలుపుకి అడ్డంగా పెట్టాను. తప్పు నాది. నా ఫైలు తీసుకుని నా తప్పుతో సహా అచ్చు తీశారు. దాన్ని చూపించి మా బాబాయిని దొంగ అంటున్నారు!”

తలుపు తెరిచి చూపించాను. తెరమీద అది నిచ్చెనలోంచి దూరి వచ్చింది. విలేకర్లు ముందుకి తోసుకొచ్చారు. ఒకతను తెరనీ, ఓడనీ మార్చి మార్చి ఫొటోలు తీశాడు.

చిన్నబాబు చెమట తుడుచుకున్నాడు. త్వరగానే తేరుకున్నాడు కూడా.

“సరే, సరే. ఇది నమూనా అనే అనుకుందాం. మమ్మల్నీ ఎవరో మోసం చేశారు. బోర్డు మార్చేస్తాం.”

“మార్చి ఏం రాస్తారు?” అన్నాడు బాబాయి.

“నమూనా అని రాస్తాం.”

“మరి దొంగ?”

“అది వేరే విషయమండీ. అసలు ఓడ పోయిన మాట నిజమే కదా. దాని గురించి నేనిప్పుడు…”

“ఏది పోయింది?”

బాబాయి గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

“ఏది పోయిందిరా? నా రంపప్పొట్టులో ఆడుకునేవాడివి నువ్వు. వంతెన సెట్టు వేసిన రోజు దాని మీద ఎగిరావు. ‘ఓడ ఎక్కాను, ఓడ ఎక్కాను’ అని అరిచావు. నీ కాళ్ళ కింద ఉన్నవి ఆ ఓడ చెక్కలే. పొట్టభాగం పలకలు, నేను కోసినవి, మీ నాన్న కోయించినవి. నీకు తెలుసు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిసి ఆ బోర్డు రాయించావు!”

గోడమీద తలుపు మళ్ళీ తెరుచుకుంది.

“నాన్నగారు పోయారు,” అన్నాడు చిన్నబాబు నెమ్మదిగా. “పోయినాయన జవాబు చెప్పుకోలేరు కదండీ.”

“ఆయన ఉన్నన్నాళ్ళూ నేనూ ఈ ఊళ్ళోనే ఉన్నాను. పిలిచి ఒక్క మాట అంటే వచ్చేవాణ్ణి. మీ ఇంటి కుర్చీ బాగుచెయ్యడానికి కూడా నన్ను పిలవలేదు. దొంగని కదా! నా సంచి దులపని గుమ్మం లేదీ ఊళ్ళో. దాంట్లో ఏముంటుందిరా? ఒక ఉలి, ఒక సుత్తి. ఓడ పడుతుందా అందులో?”

పిన్ని కళ్ళు తుడుచుకోలేదు. అలాగే వదిలేసింది.

మేనేజరు బల్ల దిగి, ఎవరినీ అడక్కుండా, ఓడ కింద బోర్డు మరలు విప్పడం మొదలుపెట్టింది.

“చూడండి, ఏదో అపార్థం జరిగింది…” అన్నాడు చిన్నబాబు.

“అపార్థం అనకు.”

“మరేమనమంటారు?”

“ఏం జరిగిందో అదే అను. నేను చెప్పించినట్టు వద్దు. నీ అంతట నువ్వు అను.”

కెమెరాలన్నీ చిన్నబాబు మీదికి తిరిగాయి. ఆయన ఓడ వంక చూశాడు. గోడ వంక చూశాడు. బాబాయి వంక మాత్రం చూడలేకపోయాడు. మైకు పట్టుకున్న చెయ్యి తొడ పక్కకి వేలాడిపోయింది.

“అబద్ధం,” అన్నాడు నేల చూస్తూ. “నాన్నగారు చెప్పింది అబద్ధం. ఈయన దొంగిలించలేదు. ఓడని మేమే కోయించాం.”

ముందు వరుసలో ఉన్న మాకే సరిగ్గా వినపడలేదు.

“మైకులో,” అంది మా పిన్ని.